అడుగు బురద సంగతేమిటి?

సంపాదకులకు,

హుస్సేన్‌సాగర్ కంపు కొట్టినప్పుడల్లా ఏదో మందు చల్లి, పైన తేలే చెత్త తీసి సరిపెడుతున్నారు. అసలు సరుకు అడుగున ఉంది. దశాబ్దాల మురుగుతో, సబ్బు నీళ్లతో వచ్చిన ఫాస్ఫరస్ బురదలో ఇనుముకు అంటుకుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే విడివడి మళ్లీ నీళ్లలో కలుస్తుంది, నాచుకు మేత అవుతుంది. అందుకే నాలాలు మళ్లించినంత మాత్రాన నీళ్లు తేటపడవు. స్వీడన్‌లో ట్రమ్మెన్ సరస్సుకు మురుగు ఆపినా ఏళ్ల తరబడి అదే తీరు. 1970, 71లలో అర మీటరు చొప్పున బురద తోడాకే తేరుకుంది. మన బురదలో ఫ్యాక్టరీల లోహాలూ ఉన్నాయి కాబట్టి తోడింది ఎక్కడ పోస్తారన్నది పెద్ద తలనొప్పే. నాలాల మురుగు పూర్తిగా ఆపండి; ఈలోగా బురదలో ఫాస్ఫరస్ ఏ లోతులో ఎంతుందో కొలిపించి, ఆ లెక్కలు జనం ముందు పెట్టండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్