సీసా మీద రాసింది అక్కకు ఎవరూ చదివి చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు మందులిచ్చి పదవీ విరమణ చేసినవాణ్ణి. మాది కొత్తపట్నం. మా అక్కకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులని పోయిన నెల ఒంగోలులో ఒక మందుల షాపుకు వెళితే చేపనూనె మాత్రల సీసా చేతిలో పెట్టారు. వాపులు తీస్తుందని, గుండెకు, కాలేయానికి, కిడ్నీలకు అన్నిటికీ మంచిదని చెప్పారట. అక్క గుండె దడకు రెండేళ్లుగా రక్తం పలచబరిచే మందు వాడుతోంది. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు.

సీసా తిప్పి చూశాను. మాత్ర వెయ్యి మిల్లీగ్రాములు. అందులో పనిచేసే ఒమేగా-3 కొవ్వులు రెండు: ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120, అంటే మొత్తం 300 మాత్రమే. ఔషధంగా వాడకూడదని ఆ సీసా మీదే ఆంగ్లంలో ఉంది. అక్కకు తెలుగే వచ్చు.

చేపనూనెలో గుణం లేదని నేను అనను. ఒమేగా-3 కొవ్వులు మన కణాల పొరల్లో చేరి, వాపును పెంచే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. కీళ్లవాతం ఉన్నవారికి పొద్దుటి బిగుసుదనం కొంత తగ్గుతుంది. కానీ దానికి ఒమేగా-3 రోజుకు 3 గ్రాముల దాకా, అదీ నెలల తరబడి కావాలి. ఈ మాత్రలైతే రోజుకు పది మింగాలి! పైగా అక్కది కీళ్లవాతం కాదు, వయసుతో వచ్చిన మోకాళ్ల అరుగుదల.

గుండె సంగతీ అంతే. అమెరికాలో దాదాపు 26 వేల మందికి రోజుకు ఒక గ్రాము చేపనూనె మాత్ర ఇచ్చి చూసిన వైటల్ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ముప్పులన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. శుద్ధి చేసిన ఇ.పి.ఎ.ను రోజుకు 4 గ్రాములు ఇచ్చిన మరో అధ్యయనంలో, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువగా ఉన్న గుండెజబ్బు, మధుమేహ రోగులకు మేలు కనిపించింది. అది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు, షాపులో అడిగి కొనే సీసా కాదు. అక్కడ కూడా గుండె లయ తప్పడం కొందరిలో పెరిగింది. మా అక్కకున్న జబ్బే అది. గుండె డాక్టరు సీసా చూసిన వెంటనే మానేయమన్నారు.

మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని కవళ్ల చేపలు అమ్మి మమ్మల్ని పెంచింది. వంద గ్రాముల కవళ్లలో ఒక గ్రాము దాకా ఒమేగా-3 ఉంటుంది, కాలాన్ని బట్టి కొంత అటూ ఇటూ. ఆ లెక్కన ఒక పూట పులుసు మూడు మాత్రలకు సాటి. కానాగంత చేపలూ మంచివే. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, రక్తపోటు ఉన్నవారు తగ్గించుకోవాలి. సముద్రం పక్కన పుట్టి, వారానికి రెండుసార్లు చేపలు తినే మనిషి వందలు పోసి సీసా కొనుక్కోవడం చూస్తే బాధ వేస్తుంది.

మందుల షాపులవారిని నేను కోరేది ఒక్కటే. చేపనూనె చేతికిచ్చే ముందు గుండె దడ ఉందా, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారా అని అడగండి. అర నిమిషం పట్టదు. ముప్పై ఏళ్లు కౌంటరు వెనుక నిలబడ్డవాణ్ణి కనుక చెబుతున్నాను.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా