నగర కవితలో ఎదుటి మనిషి

సంపాదకులకు నమస్కారం.

నగర జీవితాన్ని చిత్రించే ఆధునిక కవిత్వం మీద వస్తున్న సమీక్షల్లో ఉద్వేగ తీవ్రతనూ పరాయితనాన్నీ ఒకదానికొకటి పొసగని గుణాలుగా చూసే ధోరణి తరచుగా కనిపిస్తోంది. నా దృష్టిలో ఆ రెంటికీ మూలం ఒక్కటే. జర్మన్ సామాజిక తత్త్వవేత్త సిమ్మెల్ మహానగర మనోజీవితం గురించి 1903లో రాసిన వ్యాసంలో, క్షణక్షణం మారిపోయే దృశ్యాలూ చప్పుళ్ళూ నరాల మీద విరుచుకుపడుతుంటే మనిషి తనను తాను కాపాడుకోవడానికే ఉదాసీనతను ఆశ్రయిస్తాడని వివరించాడు. ఆ లెక్కన నగరవాసి ముఖంలోని నిర్లిప్తత వెనుక ఉన్నది మోయలేనంత అనుభూతే.

ఫ్రెంచి కవి బోదిలేర్ 1861 నాటి సంపుటిలో చేర్చిన ఒక సానెట్‌లో (పద్నాలుగు పంక్తుల కవితలో) ఈ సంగతి కళ్ళకు కడుతుంది. హోరెత్తుతున్న వీధిలో, అయినవారిని పోగొట్టుకున్న దుఃఖాన్ని తెలిపే దుస్తుల్లో ఒక స్త్రీ గౌను అంచును చేత్తో పైకెత్తి పట్టుకుని నడిచిపోతుంది. ఒక్క చూపు మెరుపులా తాకుతుంది, వెంటనే చీకటి. ఆమె మళ్ళీ ఎదురుపడదన్న ఎరుకలోంచే అక్కడ ప్రేమంత ఉద్వేగం పుట్టింది. 1922లో ఇంగ్లీషు కవి ఎలియట్ ‘ది వేస్ట్ లాండ్’ కవితలో లండన్ బ్రిడ్జి మీద నడిపించిన జనప్రవాహంలోనూ ప్రతివాడి చూపూ తన పాదాల ముందే నిలిచిపోతుంది. అక్కడ కవి తన బాధను చెప్పుకోకుండా ఆ చూపులను మాత్రమే చూపించాడు, అయినా చదువుతున్న మనకు ఊపిరాడదు.

ఇప్పటి కవితలు అనేకం శూన్యం, శిథిలం, నెత్తురు, మృత్యువు వంటి మాటలను పేర్చుకుంటూ పోతాయి తప్ప, కవి ఎవరికి దూరమయ్యాడో ఆ మనిషి వాటిలో ఎక్కడా కనిపించడు. ఎదుటివాడే లేనప్పుడు పరాయితనం ఎవరితో? కవిత బిగ్గరగా అరవకూడదని నా వాదన కాదు. 1965లో తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన తెలుగు తిరుగుబాటు కవుల బృందం దిగంబర కవుల ఆగ్రహం, నచ్చినా నచ్చకపోయినా, ఎవరి ముఖాన విసిరినదో స్పష్టంగా తెలిసేది.

మీ సాహిత్య పేజీ సమీక్షకులు వేదన గాఢమైనదని మెచ్చుకుని ఊరుకోకుండా, ఒక్క కవితనైనా పంక్తి పంక్తిగా చదివి అందులో ఎదుటి మనిషి ఎక్కడున్నాడో చూపించగలిగితే, కొత్తగా రాస్తున్నవారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

భవదీయుడు,
ఒక కవితా పాఠకుడు