కళా స్టూడియో వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ సంక్షేమ సంఘం కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లైన దివ్యాంగుల కోసం నడుస్తున్న కళా స్టూడియో ఈ ఏడాది ఏం చేసిందో చెప్పే నివేదిక ఇది. డ్రైనేజీ, వీధి దీపాలు, పార్కు సంగతులు వేరే నివేదికలో ఉన్నాయి. ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి గారు సభలో చదువుతారు కాబట్టి డబ్బు గురించి అవసరమైనంతే రాస్తున్నాను. ఆర్టిస్టుల పేర్లు కావాలనే రాయలేదు. ఈ కాపీ ఏయే వాట్సాప్ గ్రూపులకు వెళ్తుందో మనందరికీ తెలిసిందే.

కొత్తగా చేరిన సభ్యుల కోసం నాలుగు మాటలు. బిడ్డకి పద్దెనిమిది దాటితే స్పెషల్ స్కూల్ ముచ్చట అయిపోతుంది. ఆ తర్వాత చాలా ఇళ్లల్లో మిగిలేది టీవీ, మంచం, వాకిలి. అదృష్టం బాగుండి ఒకేషనల్ సెంటర్‌లో సీటు దొరికితే కాగితం కవర్లు, కొవ్వొత్తులు, ఫినాయిల్. ఆ పనులు చిన్నవని కాదు. కానీ బొమ్మలు వెయ్యాలని ఉన్న మనిషి చేత కవర్లు అంటించి, దారి చూపించేశామని చేతులు దులుపుకోవడం నాకు మింగుడుపడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో దివ్యాంగులైన కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, ఆర్థిక అండ ఇవ్వాలని స్పష్టంగా ఉంది. ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ గురించి అందరికీ తెలుసు, ఈ సెక్షన్ ఊసు ఎత్తేవాళ్లు తక్కువ.

స్టూడియో మంగళ, గురు, శనివారాల్లో పదింటి నుంచి నాలుగింటి దాకా ఉంటుంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు మూసేశాం. ఆ రోజుల్లో తిరుపతి రోడ్ల మీద వీల్‌చైర్‌తో బయల్దేరమని ఎవరికీ చెప్పలేం.

ఈ ఏడాది పెద్ద పని కలంకారీ. శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ కళాకారుడు వచ్చి మొదటి నుంచి చివరిదాకా అన్నీ నేర్పారు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో గుడ్డ తడిపి ఆరబెట్టడం, చింత పుల్లలు కాల్చి బొగ్గు చేసుకోవడం, వెదురు పుల్లకి ఉన్ని చుట్టి దారం బిగించి కలం కట్టుకోవడం, అన్నీ మనవాళ్లే చేశారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి నానితే నల్ల రంగు తయారవుతుంది. ఆ కుండ వాసన మీద పక్క బ్లాక్ నుంచి రెండు ఫిర్యాదులు వచ్చాయి, న్యాయమైనవే. కుండని మేడ మీదికి ఎక్కించాం.

ఈ పని మన స్టూడియోకి ఎందుకు సరిపోయిందంటే, ఇందులో ఎవరికి తగ్గ పని వాళ్లకి ఉంది. గీత గీయలేనివాళ్లకి గుడ్డకి పాలు పట్టించడం ఇష్టం. ఒక్కచోట కూర్చోలేని అబ్బాయి ఉతికి ఆరేసే పని పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకెవరైనా గుడ్డ ముట్టుకుంటే ఊరుకోడు. నవంబర్ వానల్లో ఆరక, గుడ్డలన్నీ ముక్కిన వాసన పట్టినప్పుడు అందరికంటే ఎక్కువ టెన్షన్ పడింది అతనే.

సెరిబ్రల్ పాల్సీ (మెదడుకి దెబ్బ తగలడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక ఆర్టిస్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కలం పట్టుకున్నప్పుడు ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది, పనితనం అంతా ఆ నొక్కడంలోనే ఉంది. ఆయన వేళ్లు ఆయన మాట వినవు. కలానికి సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగి లావు చేశాం, పట్టు కుదిరింది, నొక్కడం మాత్రం కుదరలేదు. గీత నడుస్తూ నడుస్తూ ఒక్కోచోట బొట్టై కారేది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ రంగు పడగానే నల్లబడుతుంది, చెరపడానికి ఉండదు. గురువుగారు మొదట్లో ఆయన చెయ్యి పట్టుకుని దిద్దబోయారు. మన రూల్ చెప్పాం: ఆర్టిస్టు గుడ్డ మీద, కాగితం మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. గురువుగారు కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత కుర్చీ లాక్కుని చూస్తూ కూర్చున్నారు. ఆ బొట్లన్నీ కలుపుకుంటూ మనవాడు చింతచెట్టు వేశాడు. బొట్టున్న చోటల్లా కాయో, పిట్టో, కణుపో. భోజనాల టైమ్ అయినా లేవలేదు. గురువుగారు వెళ్తూ వెళ్తూ ఆ చెట్టుని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

ఈ రూల్ తల్లిదండ్రులకి మింగుడుపడటం కష్టంగానే ఉంది. బొమ్మ ఇంటికి తీసుకెళ్లి, మొహాలు సరిచేసి, రంగులు నింపి మళ్లీ తెచ్చినవాళ్లున్నారు. ప్రేమే, కాదనను. అందుకే ఈ ఏడాది నుంచి బొమ్మ పూర్తయిందని ఆర్టిస్టు చెప్పేదాకా గది దాటనివ్వడం లేదు. మాటలు రానివాళ్లు బల్ల మీది ఎర్ర బిళ్లని బొమ్మ మీద పెడతారు. అంటే అయిపోయిందని అర్థం.

"చేరి ఆరు నెలలైంది, మావాడు కూర్చుని చూస్తాడే గానీ ఏమీ వెయ్యడు" అని ఒక తండ్రి అడిగారు. ఆయనకి చెప్పిన ఉదాహరణే సభ్యులకూ చెప్తున్నాను. అమెరికాలోని ఓక్లాండ్‌లో 1974లో మొదలైన క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియో ఇలాంటి చోట్లకి పెద్దన్న లాంటిది. 1987లో జూడిత్ స్కాట్ అనే ఆవిడ అక్కడ చేరారు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, మేధో ఎదుగుదల మందగించే స్థితి), చెవులు వినబడవు, అప్పటికే ముప్ఫై అయిదేళ్లు ప్రభుత్వ ఆశ్రమాల్లో గడిపారు. దాదాపు రెండేళ్లు ఆవిడ దేని మీదా మనసు పెట్టలేదు. తర్వాత దారాలు, నూలు చేతికొచ్చాయి. వస్తువుల చుట్టూ చుట్టుకుంటూ పోయి శిల్పాలు చేశారు, 2005లో చనిపోయేదాకా ఆపలేదు. 2014లో బ్రూక్లిన్ మ్యూజియంలో ఆవిడ పనితో పెద్ద ప్రదర్శనే జరిగింది. మనవాడు అంతవాడవుతాడని నేను అనడం లేదు. ఆ రెండేళ్లూ ఆవిణ్ణి ఎవరూ ఇంటికి పంపెయ్యలేదు, అంతే.

అమ్మకాలు. డిసెంబర్ 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు హాల్లోనే ప్రదర్శన పెట్టాం. బస్సుల బొమ్మలు అన్నిటికంటే ముందు అయిపోయాయి. వేసింది డౌన్ సిండ్రోమ్ ఉన్న మన ఆర్టిస్టు, నలభై దాటిన మనిషి. ఆమె తిరుమల కొండెక్కే సప్తగిరి బస్సు తప్ప ఇంకేదీ వెయ్యదు. ప్రతి కిటికీలో ఒక మొహం, ప్రతి మొహానికీ వేరే వేరే బొట్టు, గుండు కొట్టించుకున్నవాళ్లు వెనక సీట్లో. కొనడానికొచ్చిన ఒక పెద్దాయన, "బస్సు మీద స్వామివారిని కూడా వెయ్యమ్మా, ఇంకో వెయ్యి ఇస్తా" అన్నారు. ఆమె తలెత్తకుండానే, "స్వామి కొండమిందే ఉంటాడు కదా సార్, ఆయనకి బస్సెందుకు?" అంది. ఆయన నవ్వి, అడిగిన ధరకే ఉన్నది ఉన్నట్టు కొనుక్కెళ్లారు.

ధర దగ్గర రెండు రకాల మనుషులు ఎదురవుతారు. "పాపం, ఎంతో కొంత ఇద్దాం" అని చూడకుండానే కొనేవాళ్లు ఒకరు. "వీళ్లు వేసినదానికి అంత రేటా?" అనేవాళ్లు ఇంకొకరు. నాకు రెండోవాళ్లే నయం, వాళ్లు కనీసం బొమ్మ వైపు చూశారు. బేరాలు లేవని బోర్డు పెట్టాం. అమ్ముడైన దాంట్లో వందకి డెబ్బై ఆర్టిస్టుకి, ముప్ఫై సామాన్ల ఖర్చుకి. ఓక్లాండ్ వాళ్ల పద్ధతి సగం సగం. కార్యవర్గంలో చర్చ జరిగాక మనం డెబ్బైకి ఒప్పుకున్నాం.

ఆ డెబ్బై చేతికి చేర్చడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఖాతా తెరవడానికి వెళ్తే ఒక బ్యాంకులో చింతచెట్టు వేసిన ఆర్టిస్టుని పక్కన కూర్చోబెట్టి, ఆయన సంగతులన్నీ నన్నడిగారు. ఆయన డిగ్రీ చదివిన మనిషి. సంతకం ప్రతిసారీ ఒకేలా రాదు, అంతే. వేలిముద్రతో ఖాతా నడుపుకోవచ్చని నిబంధన కాగితం చూపించాక కదిలింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో దారి వేరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ దగ్గర, సంరక్షకులెవరో తేల్చే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కలెక్టరేట్‌కి వెళ్లే తల్లిదండ్రులకి మన వాలంటీర్లు తోడు వెళ్తున్నారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా ఉంది. ఆ ఫారాలు కూడా ఆఫీసులో నింపిపెడుతున్నాం.

ఖాతాలో డబ్బు పడితే నెలకొచ్చే ఆరు వేల పింఛను పోతుందేమోనని కొన్ని కుటుంబాల భయం. బొమ్మ అమ్మొద్దని ఒక అమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం, ఆ ఇల్లు గడిచేదే దాని మీద. ఎవరి బొమ్మా బలవంతంగా అమ్మకానికి పెట్టడం లేదు.

ఇక సభ్యులు, దాతలు ఇక్కడికొచ్చి చేసుకునే పుట్టినరోజుల సంగతి. కేకు, బిర్యానీ పొట్లాలు తెచ్చి, అందరినీ వరసలో నిలబెట్టి ఫొటోలు తీసుకునే ఆనవాయితీని స్టూడియో సమయంలో ఆపేశాం. సభ్యుల్లో కొందరు మూతి ముడిచారు, ఒక దాత నెలవారీ చందా కూడా మానేశారు. అయినా ఈ నిర్ణయం మీద నేను నిలబడతాను. పనిలో ఉన్న మనుషుల చేతుల్లోంచి కుంచె లాక్కుని పొట్లం పెట్టడం ఏ ఆఫీసులోనూ చెయ్యం కదా. పుట్టినరోజు నాడు రావాలనుకునేవాళ్లు వచ్చి కూర్చుని ఒక బొమ్మ వెయ్యండి, లేదా కొనండి.

ర్యాంపు పూర్తయింది, వాలు సరిగ్గానే ఉంది. వీల్‌చైర్ తిరిగే మరుగుదొడ్డి ఇంకా కాలేదు, కాంట్రాక్టరు మారారు. ఆటో ఖర్చు అన్నిటికంటే పెద్ద భారం. దూరం నుంచి వచ్చే ఇద్దరు దాని వల్లే మానేశారు.

సభ ముందుకు వచ్చే అంశాలు మూడు. ఒకటి, నెలవారీ లెక్కన ఒక ఆటో మాట్లాడుకోవడానికి అనుమతి. రెండు, ఆర్టిస్టుల నుంచే ఇద్దరిని స్టూడియో ఉపసంఘంలో ఓటు హక్కుతో తీసుకోవడం. ఇప్పటిదాకా తల్లిదండ్రులే కూర్చుంటున్నారు. మూడు, కేంద్రం నిర్వహించే దివ్య కళా మేళాలో స్టాల్‌కి దరఖాస్తు చేసుకోవడం. సైగల భాష వచ్చినవాళ్లు కాలనీలో ఉంటే దయచేసి ఆఫీసులో పేరివ్వండి. పాత ఇనుప మేకులు, విరిగిన తలుపు బందులు పాత సామాన్లవాడికి వెయ్యకుండా మేడ మీది కుండ కోసం పంపండి.

ఇట్లు,
కార్యదర్శి