ఉద్దానం కిడ్నీ జబ్బుపై జన్యు పరిశోధన కావాలి
ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలం తేల్చాలంటే నీళ్లతో పాటు జన్యువులనూ గట్టిగా పరిశోధించాలి. నీళ్లు, సిలికా, పురుగుమందులు, ఎండలో పని అంటూ అనుమానాలు ఏళ్లుగా వింటున్నాం, ఏదీ ఖాయం కాలేదు. మా కవిటి వైపు ఒకే బోరు నీళ్లు తాగి, ఒకే కొబ్బరితోటలో పనిచేసే రెండిళ్లలో ఒక ఇంట అన్నదమ్ములిద్దరూ డయాలసిస్ మీద ఉన్నారు, పక్కింటివాళ్లు నిక్షేపంగా ఉన్నారు. ఈ తేడా జన్యువుల్లో ఉందేమో వెతకడానికి, ఎంచుకున్న జన్యువును పనిచేయకుండా ఆపే ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే పద్ధతి మంచి దారి. 1998లో శాస్త్రవేత్తలు ఫైర్, మెల్లో వెల్లడించి, 2006లో నోబెల్ అందుకున్న విషయమిది. కణంలో జన్యువు సందేశాన్ని మోసేది ఆర్ఎన్ఏ. తగిన చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను కణంలోకి పంపితే ఎంచుకున్న జన్యువు ఇచ్చే సందేశం తెగిపోతుంది, డీఎన్ఏ చెక్కుచెదరదు. ల్యాబ్‌లో పెంచిన కిడ్నీ కణాల్లో అనుమానమున్న జన్యువులను ఒక్కొక్కటిగా ఇలా ఆపి, సిలికాయో పురుగుమందో తగిలిస్తే, ఏ జన్యువు పనిచేయనప్పుడు కణం తట్టుకోలేకపోతోందో తెలుస్తుంది. కాలేయంలో ఒక జన్యువును అణిచి, ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు నుంచి కిడ్నీలను కాపాడే లుమాసిరాన్ మందుకు 2020లోనే అమెరికా అనుమతించింది. అది మన జబ్బుకు మందు కాదు, పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది. పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంలో ఇందుకు ప్రత్యేక ల్యాబ్, నిధులు ఇవ్వాలి. ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం సైన్సు విద్యార్థులకు అందులో చోటు కల్పించాలి. బాధిత కుటుంబాల అనుమతితోనే రక్త నమూనాలు తీసుకుని, ఫలితాలు వాళ్లకు తెలుగులో చెప్పాలి.
– ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా