గ్రౌట్ క్యూబుల పరీక్ష మా కళ్ల ముందు జరగాలి

గౌరవనీయులైన రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోనసీమవాడిని, వంతెన పనుల్లో సైట్ ఇంజనీరుగా చేశాను. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య బతికే మాకు ఆసుపత్రికైనా, కాలేజీకైనా, కొబ్బరికాయల లారీకైనా వంతెనే దారి. పంటు కోసం రేవులో కాచుకున్న రోజులు మా పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. అందుకే గ్రౌట్ క్యూబుల పరీక్ష గురించి మీకు రాస్తున్నాను. గ్రౌట్ అంటే సందుల్లో నింపే జారుడు సిమెంటు మిశ్రమం. దాన్ని చిన్న అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక ఆ క్యూబుల్ని పగలగొట్టి బలం చూడటమే ఈ పరీక్ష.

కాంక్రీట్ క్యూబుల గురించి అందరూ అడుగుతారు. ఎస్టిమేట్‌లో గ్రౌట్ వాటా చిన్నది కాబట్టి దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ వంతెన దూలాన్ని, అంటే గర్డర్‌ని, ఆనించే బేరింగ్ ప్లేటు కింద దాని బరువు మోసేది ఆ పల్చటి పొరే. గర్డర్‌కు బలమివ్వడానికి లోపల లాగి బిగించిన ఉక్కు తీగల (ప్రీస్ట్రెస్ కేబుళ్ల) చుట్టూ డక్టుల్లో, అంటే అవి ఉండే గొట్టాల్లో, నింపేదీ గ్రౌటే. మా ఉప్పుగాలిలో ఆ తీగలకు అదే రక్ష. 1985లో వేల్స్‌లో ఒక ప్రీస్ట్రెస్ వంతెన లోపలి తీగలు తుప్పు పట్టి కూలిపోయింది. 1992లో బ్రిటన్ ప్రభుత్వం డక్టుల్లో గ్రౌట్ నింపే కొత్త వంతెనలనే కొన్నాళ్లు ఆపేసింది.

సంచి మీద రాసిన బలం రావాలంటే సంచి మీద చెప్పినన్ని నీళ్లే పోయాలి. రోహిణి కార్తె ఎండకు డ్రమ్ములో నీళ్లు కాగిపోతాయి, కలిపిన గ్రౌట్ చూస్తుండగానే బిగుసుకుంటుంది, మేస్త్రి ఇంకో మగ్గు పోస్తాడు. అతన్ని నేను తప్పు పట్టను, పంపు ఆగితే తిట్లు తినేది అతనే. అసలు తప్పు, ఆ మగ్గు పడకముందే క్యూబులు తీసేయడం. నేను పనిచేసిన ఒక సైట్‌లో క్యూబుల కోసం విడిగా గట్టి మిక్స్ కలిపారు. రిపోర్టు పాసయింది. గర్డర్ లోపలికి వెళ్లిన గ్రౌట్ బలం ఎంతో మాత్రం ఎవరికీ తెలియదు.

క్యూబు సైజుదీ ఇదే కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాత కోడ్ ఐఆర్‌సీ 18 డక్టు గ్రౌట్‌కు పెట్టిన కనీస బలం 100 మి.మీ. క్యూబుకు 7 రోజుల్లో 17 మెగాపాస్కల్స్‌గా ఉండేది. ల్యాబుల్లో 70.6 మి.మీ., 50 మి.మీ. అచ్చులు కూడా ఉంటాయి. సాధారణంగా చిన్న క్యూబు ఎక్కువ బలం చూపిస్తుంది. సైజు రాయని రిపోర్టులో అంకె ఎంతున్నా దాన్ని నమ్మలేం. ఉబ్బే గుణమున్న గ్రౌట్‌కైతే అచ్చు మీద ప్లేటు బిగించాలి, లేకపోతే పైకి పొంగి బలం తగ్గినట్టు కనిపిస్తుంది. అప్పుడు మంచి గ్రౌట్ కూడా ఫెయిలవుతుంది.

ఇంకొకటి, క్యూబు పాసైనంత మాత్రాన డక్టు నిండినట్టు కాదు. అది వేరే పరీక్ష, దాని గురించి మరోసారి రాస్తాను.

మీరు ఒక్క సర్క్యులర్ ఇవ్వండి సార్. పంపులోకి వెళ్లే గ్రౌట్ నుంచే, శాఖ ఇంజనీరు ఎదుటే క్యూబులు తీయాలి. తేదీ, గర్డర్ నంబరు, పోసిన నీళ్ల కొలత అప్పుడే రాసి ఆయన సంతకం పెట్టాలి. మొదటి రోజు తడి గోనెసంచుల కింద, తర్వాత నీళ్లలో క్యూరింగ్ చేయాలి, రేకుల షెడ్డులో వదిలేయకూడదు. కాంట్రాక్టరుతో సంబంధం లేని ల్యాబులో పగలగొట్టాలి. 28వ రోజున పగలగొట్టిన క్యూబుల రిపోర్టు రాకుండా ఆ ఐటమ్ బిల్లు చెల్లించకూడదు. ఆ రిపోర్టు నకలు ఊరి సచివాలయం బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
అమలాపురం నుంచి ఒక సివిల్ ఇంజనీరు