విజయవాడ సత్యనారాయణపురం మందుల షాపు బాబుకి కృతజ్ఞతలు

హెర్నియా ఆపరేషన్ అయింది, నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. పొట్టకు బెల్టు ఉంది, పక్కకు తిరిగితే కుట్లు లాగుతున్నాయి. అయినా ఇది ఇవాళే రాయాలి, మళ్లీ ఇంటి పనుల్లో పడితే రాయలేను.

రెండో కాన్పు సిజేరియన్ కుట్టు దగ్గర నాకు హెర్నియా వచ్చింది. బరువు తగ్గితేనే ఆపరేషన్ అన్నారు సర్జన్ గారు. ఆయన మాటలో న్యాయం ఉంది. బరువు ఎక్కువుంటే కుట్టు త్వరగా మానదు, హెర్నియా తిరగబెట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. 104 కిలోల దగ్గర మొదలుపెట్టాను. మొదట్లో చకచకా తగ్గాను, 92 దగ్గర ఆగిపోయింది. ఆగిందంటే ఆగిందే. అదే రాగిజావ, అవే పుల్కాలు, తెల్లవారకముందే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద అదే నడక. నెలల తరబడి ముల్లు కదల్లేదు. చెకప్‌కి వెళితే "ఇంకా తిండి తగ్గించమ్మా" అని ఒకటే మాట. రాత్రిళ్లు ఎవరూ చూడకుండా తింటోందేమో అన్న బంధువులు కూడా ఉన్నారు. ఆ మాట పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఒకరోజు రాత్రి నెల మందుల కోసం మా సందు చివర షాపుకి వెళ్లాను. అద్దాల బీరువాలో బరువు తగ్గించే పొడి డబ్బా ఉంది. మూడు వేల పైచిలుకు ధర. ఇవ్వమని అడిగాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు దాన్ని కిందికి తీయలేదు. "ఎవరికి ఆంటీ?" అన్నాడు. నాకే అన్నాను. "వద్దు ఆంటీ. ఇది నేను మీకు అమ్మను" అన్నాడు.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. అన్నాళ్లుగా ఎవరి దగ్గరికి వెళ్లినా ఏదో ఒకటి అమ్మారు. వద్దన్నది ఇతనొక్కడే. షట్టరు సగం దించి, లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. మంచినీళ్ల సీసా ఇచ్చాడు. నేను తేరుకునేదాకా బిల్లులు సర్దుకుంటూ ఒక్క మాట కూడా అడగలేదు.

తర్వాత నా ఫైలు తీసుకుని మూడు చీటీలు కౌంటరు మీద పక్కపక్కన పరిచాడు. థైరాయిడ్‌కి ఒకరు రాసింది, ఎముకలకు కాల్షియం ఇంకొకరు రాసింది, మూడోది సర్జన్ గారిది. "థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?" టిఫిన్‌కి ముందు, కాఫీతో. చీటీలో 'బీబీఎఫ్' అని రాసి ఉంది, అంటే టిఫిన్‌కి ముందని చెప్పారు, అలాగే చేశాను. "మరి కాల్షియం?" టిఫిన్ తిన్న వెంటనే.

కాఫీతో వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదట. కాల్షియం కూడా దాన్ని అడ్డుకుంటుందట. పరగడుపున ఒట్టి నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగమన్నాడు. కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఉండాలని దాన్ని రాత్రి భోజనం తర్వాతకి మార్చుకోమన్నాడు. "డోసు జోలికి మాత్రం మీరు పోవద్దు. ఈ సంగతి డాక్టర్ గారికి చెప్పండి, ఆరు వారాలయ్యాక టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి" అని కవర్ల మీద నల్ల స్కెచ్ పెన్నుతో తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. ఆ కవర్లు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించే ఉన్నాయి.

అంతటితో నన్ను సంబరపెట్టి పంపించలేదు, అదే నాకు నచ్చింది. "థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా కొన్ని కిలోలే ఆంటీ, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరే. అసలు సంగతి వేరే ఉంది" అన్నాడు. ఒళ్లు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన తిండీ తగ్గుతుంది. అదే దూరం నడిచినా ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. 104 కిలోలప్పుడు ఒంటి ఖర్చుకి చాలక బరువు తగ్గించిన భోజనమే 92 కిలోల మనిషికి సరిపోతుంది, అందుకే ముల్లు నిలబడిపోతుంది. అంటే డాక్టర్లు చెప్పిన మాట నేను వినకపోవడం వల్ల ఆగలేదు! ఎవరూ చూడకుండా తినడం వల్లా కాదు. ఆ ఒక్క ముక్క పెద్ద డాక్టర్ల గదుల్లో ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో.

ఇంట్లో నూనె ఎంత అవుతుందని అడిగాడు. నలుగురికి నెలకు ఐదు లీటర్లు. బిల్లు వెనక లెక్క వేశాడు. మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైన, అంటే దగ్గర దగ్గర 340 కేలరీలు. పుల్కాలు లెక్కపెట్టుకున్నాం కానీ తాలింపులు ఎవరూ లెక్కపెట్టమనలేదు. ఇప్పుడు నెలకు మూడు లీటర్లు దాటనివ్వడం లేదు. గుడ్లు, పెసలు, ఉడికించిన శనగలు పెంచాను. బరువులెత్తే వీలు లేదు కాబట్టి సర్జన్ గారిని అడిగి, కుర్చీలో కూర్చుని లేవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత వారం షాపుకి వెళితే జేబులోంచి టేపు తీసిచ్చాడు. వాళ్లమ్మ గారు బట్టలు కుడతారట, ఆవిడ పాత టేపు. మొదటి అంకెలు అరిగిపోయి కనిపించవు. "రోజూ కాటా ఎక్కొద్దు ఆంటీ, వారానికోసారి నడుం కొలుచుకోండి" అన్నాడు. ముల్లు ఇంకా 92 మీదే ఉన్న రోజుల్లో నడుం తగ్గడం ఆ టేపు మీదే చూశాను. తర్వాత ముల్లూ కదిలింది. పరీక్ష చూసి డాక్టర్ గారు డోసు సరిచేశారు. 84 దగ్గర ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.

థ్యాంక్స్ చెబితే "ఇది మా పనే ఆంటీ, 2015 ఫార్మసీ నిబంధనల్లోనే ఉంది, మందు ఎలా వాడాలో చెప్పాలని" అన్నాడు. మరి మిగతా వాళ్ల పని ఏమిటి? మూడు గదుల్లో మూడు ఫీజులు కట్టాను. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. టోకెన్ పట్టుకుని గంటలు కూర్చుంటే లోపల రెండు నిమిషాలు. డైట్ చార్టు అని ఇచ్చిన జిరాక్సులో అవకాడో, బ్రకోలీ! ఒక స్లిమ్మింగ్ సెంటరు వాళ్లయితే అడ్వాన్సు తీసుకుని తిరిగి ఇవ్వలేదు. మాత్ర ఎలా వేసుకోవాలో చీటీ మీద తెలుగులో ఒక్క ముక్క రాయడానికి ఎంత సేపు పడుతుంది? కోపంగా ఉంది, రాసేశాను.

బాబూ, పేరు పెట్టొద్దన్నావు, పెట్టడం లేదు. కొంచెం కోలుకున్నాక షాపుకి వచ్చి చెబుతాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

మావారికి, పిల్లలకి, అత్తయ్య గారికి కూడా థ్యాంక్స్, నాతోపాటు చప్పటి కూరలు తిన్నారు.

అయ్యో, పై వాటా అక్కని మర్చిపోయాను, హాస్పిటల్లో ఉన్నన్ని రోజులూ పిల్లలకు క్యారేజీలు కట్టింది. వార్డులో రాత్రి డ్యూటీ ఆయమ్మకి, నన్ను మొదటిసారి లేపి నడిపించింది ఆవిడే. గుంతల్లో నెమ్మదిగా నడిపి ఇంటికి చేర్చిన ఆటో అబ్బాయికి. నరం దొరక్క నేను భయపడుతుంటే కబుర్లు చెబుతూ రక్తం తీసిన ల్యాబ్ అమ్మాయికి కూడా. ఇంకా ఎవరైనా గుర్తొస్తే రేపు కలుపుతాను, ఇప్పుడు మాత్ర టైమయింది.