దవడ నొప్పికి పళ్లు బలి

సంపాదకులకు నమస్కారం.

దవడ కీలు నొప్పికి, నిద్రలో పళ్లు కొరికే అలవాటుకు చికిత్స పేరిట జరుగుతున్న తొందరపాటు గురించి నాలుగు మాటలు రాయదలిచాను. నేను వైద్యురాలిని కాను. రెండేళ్లకు పైగా ఈ నొప్పితో తిరిగి, చివరకు ఆరోగ్యంగా ఉన్న పన్నును పీకించుకున్న మనిషిని. చెవి ముందు మొదలై కణత దాకా పాకే ఆ నొప్పి పంటిదేనని ఒక దంతవైద్యుడు నిర్ధారించి మొదట రూట్ కెనాల్ చేశారు. అప్పటికీ తగ్గకపోయేసరికి పన్నే తీసేశారు. పన్ను పోయింది గాని నొప్పి పోలేదు. ఆ తర్వాత మరో వైద్యురాలు నా చెక్కిలి కండరాన్ని వేలితో గట్టిగా నొక్కినప్పుడు, పన్ను లేని ఆ ఖాళీలోనే నొప్పి కలుక్కుమనడంతో అసలు సంగతి బయటపడింది. నమిలే కండరాల్లో పుట్టిన నొప్పి దవడ పళ్లలో ఉన్నట్టు అనిపించడం సర్వసాధారణమట.

దవడ కీలు చెవికి సరిగ్గా ముందు, నోరు తెరిచి మూసేటప్పుడు వేలికి కదలిక తగిలే చోట ఉంటుంది. అది తలుపు బందులా తిరగడమే కాక, నోరు పెద్దగా తెరిచినప్పుడు ముందుకు జారుతుంది కూడా. పైగా కుడి ఎడమ కీళ్లు రెండూ ఒకే ఎముకకు చెందినవి కాబట్టి ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. ఎముకల మధ్య మెత్తగా ఒక పలుచని బిళ్ల ఉంటుంది. అది చోటు తప్పి, నోరు తెరిచేటప్పుడు మళ్లీ సర్దుకుంటే టక్కుమని చప్పుడవుతుంది. నొప్పి లేకుండా, నోరు తెరుచుకోవడానికి అడ్డంకి లేకుండా వినిపించే ఈ చప్పుడుకు చికిత్సే అక్కరలేదు. అయినా ఆ చప్పుడుకే భయపడి స్కానింగులకు పరుగెత్తేవారు ఎందరో.

పళ్లు కొరకడం అనగానే మనకు రాత్రి పక్కవారి నిద్ర చెడగొట్టే శబ్దమే గుర్తుకు వస్తుంది. నిద్ర పలచబడి, మెదడు క్షణకాలం మేలుకున్నట్టై మళ్లీ మగతలోకి జారుకునే ఘడియల్లో దవడ కండరాలు బిగుస్తాయి. రాత్రివేళ కాఫీ, మద్యం, పొగాకు, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడే జబ్బు ఉన్నవారిలోనూ ఇది తరచు కనిపిస్తుంది. కానీ మెలకువలో, ఏ శబ్దమూ లేకుండా, గంటల తరబడి పళ్లు బిగించి ఉంచడం అనే రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోరు. కష్టాన్ని పంటి బిగువున భరించామని మనం అంటూనే ఉంటాం గాని, ఆ బిగువు ఎక్కడికి పోతుందో ఆలోచించం. లెక్కలు చూసేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు నా పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయని నాకు తెలిసింది ఆ వైద్యురాలు చెప్పాకే. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తాకనే కూడదు.

అయితే కొరికేవారందరికీ నొప్పి ఉండదు, నొప్పి ఉన్నవారందరూ కొరకరు. ఆరోగ్యవంతుల్లో పళ్లు కొరకడాన్ని జబ్బుగా కాక కండరాల చేష్టగా చూడాలని 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి స్పష్టం చేసింది. చిన్నపిల్లల్లో చాలావరకు అది వయసుతో దానంతట అదే పోతుంది.

మరి పళ్లమీద ఇంత అనుమానం ఎక్కడిది? వెనుక పళ్లు ఊడి దవడ పొందిక చెడటమే ఈ బాధకు మూలమని 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా వైద్యుడు ప్రతిపాదించారు. ఆ వాదం నిలబడలేదు గాని దాని నీడ మాత్రం దంతవైద్యం మీద దశాబ్దాలు ఉండిపోయింది. పొందిక సరిచేస్తామంటూ పళ్లను అరగదీయడం, పళ్లకు తొడుగులు (క్రౌన్లు) వేయడం, కేవలం నొప్పి తగ్గించడం కోసం పళ్లకు తీగలు బిగించడం ఆ నీడలోనివే. 1980లలో కీలులో బిళ్లకు బదులు టెఫ్లాన్ కలిసిన కృత్రిమ భాగాలు అమర్చితే, అవి చిట్లి, చుట్టూ ఉన్న ఎముకను సైతం తినేసి అనేకమందిని జీవితాంతం బాధితులుగా మార్చాయి.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు, మూడు నెలలు దాటిన నొప్పికి దవడ వ్యాయామాలను, నిపుణుల చేతి చికిత్సను, ఆలోచనా ధోరణిని మార్చే మానసిక చికిత్సను, రోగికి ధైర్యం చెప్పి అవగాహన కల్పించడాన్ని ముందుంచాయి. బిళ్ల తీసివేసే శస్త్రచికిత్స వద్దని గట్టిగా చెప్పాయి. నొప్పి తగ్గించడానికి నైట్ గార్డు, అంటే రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు మీద ఆధారపడవద్దని కూడా సూచించాయి. నైట్ గార్డు పనికిరాదని దీని అర్థం కాదు. అది పళ్లను అరుగుదల నుంచి కాపాడుతుంది, కొరకడాన్ని మాన్పించదు. అయితే ముందు పళ్లకు మాత్రమే తొడిగే రకాన్ని రేయింబవళ్లు ఉంచుకుంటే, వెనుక పళ్లు కదిలి, పై పళ్లు కింది పళ్లు కలిసే తీరే మారిపోగలదు.

నాకు మేలు చేసినవి చెబితే చికిత్సేనా అని నవ్వుతారేమో. కొన్ని వారాలు మెత్తని ఆహారం, రోజుకు రెండుసార్లు చెక్కిళ్లకు వేడి కాపడం, ఫిజియోథెరపిస్టు నేర్పిన నెమ్మదైన వ్యాయామాలు, ఆవులించేటప్పుడు గడ్డం కింద చెయ్యి, పెదవులు కలిపి పళ్లు విడిగా ఉంచే సాధన. మూడు నెలలకు నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టసాగాయి.

కాబట్టి దంతవైద్యులకు నా విన్నపం ఒక్కటే: ఎక్స్‌రేలో పన్ను బాగానే కనిపిస్తున్నప్పుడు, పరికరం చేతబట్టే ముందు ఒకసారి చెక్కిలి కండరాలను నొక్కి చూడండి. రోగులు కూడా తాము చేయించుకోబోయేది తర్వాత వెనక్కి తీసుకోగలిగినదేనా అని అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నా ఉత్తరం హాని చేస్తుంది. నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. 50 ఏళ్లు దాటినవారికి కొత్తగా తలనొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ పీకుతూ, చూపు మసకబారితే అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపే పోవచ్చు. జ్వరంతో కూడిన వాపు, ముఖంలో తిమ్మిరి, ఉన్నట్టుండి నోరు బిగుసుకుపోవడం కూడా ఇంట్లో కాపడం పెట్టుకుంటూ కూర్చోదగినవి కావు.

ఇట్లు,
మీ పాఠకురాలు